ముందు దవడ, ఆ తర్వాతే మెషిన్

నీళ్ల పైపు చివర ఉన్న ఎల్బోను నీరు రాత్రీ పగలూ బయటికి తోస్తూనే ఉంటుంది. కుళాయి కట్టేసినా, ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ తోపుడు ఆగదు. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ పీడనం అని లెక్క. 30 అంతస్తుల భవనం మీద ట్యాంకు కట్టి, మధ్యలో పీడనం తగ్గించే వాల్వు లేకుండా కిందికి పైపు దించితే అడుగున 9 బార్ల దాకా ఉంటుంది. ప్రెస్ ఫిట్టింగులను చాలా కంపెనీలు 16 బార్లు తట్టుకునేలా చేస్తాయి. ఆ 16 బార్ల దగ్గర 15 మిల్లీమీటర్ల పైపును ఫిట్టింగులోంచి ఊడబెరికే బలం సుమారు 29 కిలోల బరువంత. 54 మిల్లీమీటర్ల పైపుకైతే 370 కిలోలు. 108 మిల్లీమీటర్లకు ఒకటిన్నర టన్ను. పైపు అడ్డుకొలత రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది కాబట్టి సైజు పెరిగేకొద్దీ లెక్క ఇలా ఎగబాకుతుంది.

అందుకే పైపును అతకడంలో రెండు పనులున్నాయి. నీరు కారకుండా ఆపాలి, పైపు ఊడిపోకుండా పట్టుకోవాలి. జీఐ పైపులో ఈ రెండు పనులూ మరలే చేస్తాయి, సందుల్లో జనపనార దారమో టెఫ్లాన్ టేపో సాయపడుతుంది. రాగి పైపులో టంకం కరిగి సందు నిండుతుంది, గడ్డకట్టి పట్టుకుంటుంది. సీపీవీసీలో సాల్వెంట్ సిమెంటు రెండు ప్లాస్టిక్ ముఖాలను మెత్తబరిచి ఒకటిగా కలిపేస్తుంది. ప్రెస్ ఫిట్టింగు మాత్రం ఈ రెండు పనులనూ విడదీసి ఇద్దరికి పంచింది. నీటిని ఆపడం ఫిట్టింగు అంచు ఉబ్బులో కూర్చున్న రబ్బరు రింగు వంతు. పైపును పట్టుకోవడం, నొక్కుడుకు వంగి పైపులోకి దిగబడిన లోహం వంతు. నిప్పు లేదు, మరలు లేవు, జిగురు ఆరేదాకా కాచుకోవడం లేదు. ట్రిగ్గర్ నొక్కితే ఐదారు సెకన్లలో జాయింటు అయిపోతుంది.

ఆ నొక్కుడు ఇచ్చే యంత్రాన్నే పవర్ ప్రెస్ టూల్ అంటారు. మన నగరాల్లో ఆసుపత్రులు, హోటళ్లు, ఎత్తైన అపార్ట్‌మెంట్లలో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు వేయడం పెరుగుతున్న కొద్దీ ఈ మెషిన్ కొనాలా, ఏది కొనాలి అనే ప్రశ్న ప్లంబింగ్ కాంట్రాక్టర్ల ముందుకు వస్తోంది. గల్ఫ్‌లో పెద్ద సైట్లలో పనిచేసి జగిత్యాల, నిజామాబాద్ వైపు తిరిగొచ్చినవాళ్లలో కొందరికి ఇది కొత్త కాదు. కొత్తగా కొనేవాళ్లు మాత్రం దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఎన్ని టన్నులది?" ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ అది అడగాల్సిన వరసలో మూడోదో నాలుగోదో. ఎందుకో తెలియాలంటే ఆ ఐదారు సెకన్లలో మెషిన్ తలకాయలో ఏం జరుగుతుందో చూడాలి.

లోపల ఉన్న సూత్రం 17వ శతాబ్దపు బ్లెయిజ్ పాస్కల్‌ది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన పీడనం అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుంది. దాన్ని పనిముట్టుగా మలిచినవాడు ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా. 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకు 17 ఏళ్ల ముందు, 1778లో, నీళ్లతో కడిగే మరుగుదొడ్డికి మెరుగైన నమూనా తయారుచేసి పేటెంటు పొందింది కూడా ఈయనే. ప్లంబింగ్ చరిత్రలో రెండు చివర్లా ఈ మనిషి నిలబడటం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది. ఆయన ప్రెస్‌కు మొదట్లో వచ్చిన చిక్కు కూడా లీకేజీయే. పిస్టన్ చుట్టూ నీరు చిమ్మేది. ఆ చిక్కు విప్పిన ఘనత ఆయన కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లీకి దక్కుతుంది. గిన్నెలా మలిచిన తోలు ముక్కను పిస్టన్ చుట్టూ బిగించాడు. పీడనం పెరిగేకొద్దీ నీరే ఆ తోలును గోడకు మరింత గట్టిగా అదుముతుంది. నేటి ఓ-రింగు, అంటే ఫిట్టింగు ఉబ్బులోని ఆ రబ్బరు రింగు, చేసేదీ సరిగ్గా అదే. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ ఓ-రింగుకు 1939లో పేటెంటు పొందాడు. ఈ రెండు ఆవిష్కరణలూ ఒకేచోట కలిస్తేనే ప్రెస్ జాయింటు. బ్రామా ప్రెస్ మన చేతిలో ఉంటుంది, క్రిస్టెన్సెన్ రింగు గోడలో ఉండిపోతుంది.

ట్రిగ్గర్ నొక్కగానే మోటారు తిరుగుతుంది, దాని ముందున్న గేర్లు వేగం తగ్గించి బలం పెంచుతాయి, చివర ఉన్న ఎక్సెంట్రిక్ (కేంద్రం తప్పి తిరిగే చక్రం) ఒక సన్నని పంపు కడ్డీని ముందుకూ వెనక్కూ కొడుతుంది. ప్రతి దెబ్బకూ కాస్త నూనె పెద్ద పిస్టన్ వెనక చేరుతుంది. పంపు కడ్డీ అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు, పెద్ద పిస్టన్‌ది 29 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యాల నిష్పత్తి 23కు దగ్గర. అంటే కడ్డీ మీద పడిన బలం పిస్టన్ దగ్గర 23 రెట్లవుతుంది, దానికి బదులుగా పిస్టన్ అన్ని వంతులు నెమ్మదిగా కదులుతుంది. నూనె పీడనం 500 బార్లు చేరితే ఆ పిస్టన్ సుమారు 33 కిలోన్యూటన్లతో తోస్తుంది. మూడు టన్నులకు పైబడిన బరువు అది. అరచేతిలో ఇమిడే బ్యాటరీ ఇంత పని చేయించడం వెనక ఉన్నది ఆ కడ్డీ ఓపిక.

పిస్టన్ నేరుగా ఫిట్టింగు మీద పడదు. దాని ముందు రెండు రోలర్లుంటాయి. అవి ఫిట్టింగును పట్టి నొక్కే రెండు దవడల వెనక తోకల మధ్యలోకి చొచ్చుకుపోతాయి. తోకల లోపలి అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి రోలర్లు ముందుకొచ్చేకొద్దీ తోకలు విచ్చుకుంటాయి, ముందు నోరు మూసుకుంటుంది. నోట్లో ఉన్న ఫిట్టింగు అంచు మొదట సాగుతుంది, తర్వాత లొంగుతుంది. స్టీలు స్కేలును కొద్దిగా వంచి వదిలితే నిటారుగా లేస్తుంది, కట్టుతీగను వంచితే వంగినట్టే ఉండిపోతుంది. ఫిట్టింగు లోహాన్ని స్కేలు స్థితి నుంచి కట్టుతీగ స్థితికి దాటించడమే మెషిన్ పని. అప్పుడే అది పైపు మీద శాశ్వతంగా బిగిసి కూర్చుంటుంది. కొద్దిపాటి వెనక్కి లేవడం ఎలాగూ ఉంటుంది, ఫిట్టింగు తయారుచేసినవాళ్లు ఆ మేరకు లెక్కలోకి తీసుకునే దవడ కొలత నిర్ణయిస్తారు. ఉబ్బులో ఉన్న ఓ-రింగు ఈలోపు గుండ్రతనం పోగొట్టుకుని పైపు చుట్టూ ఉన్న సందంతా నింపుతుంది.

ఇక అసలు సంగతి. దవడల కొసలు ఒకదానికొకటి తాకిన క్షణం నుంచి ఫిట్టింగు మీద నొక్కుడు పెరగదు. మిగతా బలమంతా ఉక్కు దవడ మీద ఉక్కు దవడ పడటానికే పోతుంది. నూనె పీడనం ముందుగా అమర్చిన హద్దు చేరగానే రిలీఫ్ వాల్వు "టక్"మని తెరుచుకుని పిస్టన్ వెనక్కి వెళ్తుంది. కాబట్టి జాయింటు ఎంత లోతుగా, ఏ ఆకారంలో నొక్కుకుపోవాలో తేల్చేది దవడలో చెక్కిన అచ్చు. మెషిన్ బలం ఆ దవడ పూర్తిగా మూసుకోవడానికి చాలినంత, పైన కొంత మిగులు ఉంటే చాలు. 22 మిల్లీమీటర్ల పైపును దానికి తగిన దవడతో 19 కిలోన్యూటన్ల చిన్న మెషిన్ నొక్కినా, 32 కిలోన్యూటన్ల పెద్ద మెషిన్ నొక్కినా జాయింటు గట్టితనం ఒకటే. ఎక్కువ టన్నులుంటే జాయింటు ఎక్కువ గట్టిగా ఉంటుందని నమ్మి, రోజంతా తల పైన ఎత్తి పట్టుకోవాల్సిన పనికి నాలుగు కిలోల మెషిన్ కొన్న కాంట్రాక్టరు తన పనివాళ్ల భుజాలకు అన్యాయం చేసినట్టే.

అందుకే మొదటి ప్రశ్న ఫిట్టింగు గురించి ఉండాలి. ఈ సైటులో ఏ కంపెనీ ఫిట్టింగులు వాడబోతున్నారు, వాటి ప్రొఫైల్ ఏమిటి? ప్రెస్ ఆలోచన 1950ల చివర్లో స్వీడన్‌లో పుట్టి, జర్మనీలోని మన్నెస్‌మన్ చేతుల్లో ఉక్కు పైపుల వ్యవస్థగా ఎదిగింది. ఆ వంశంలోని ఫిట్టింగుల నొక్కుడు ఆకారాన్ని ఎం ప్రొఫైల్ అంటారు. దవడ ఓ-రింగు కూర్చున్న ఉబ్బునూ, దాని ఒక పక్కనూ నొక్కుతుంది. 1899లో అటెండార్న్ పట్టణంలో మొదలైన మరో జర్మన్ కంపెనీ వీగా 1995లో రాగి పైపులకు ప్రోఫిప్రెస్ తెచ్చింది, 1999లో అమెరికాలో ప్రోప్రెస్ పేరుతో దిగింది. దీనిది వీ ప్రొఫైల్. ఉబ్బుకు ముందొకటి, వెనకొకటి, రెండు చోట్ల ఆరు పలకల నొక్కు పడుతుంది. ఇవి కాక ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసిన కాంపోజిట్ పైపులకు టీహెచ్, యూ, హెచ్, బీ, ఎఫ్ అంటూ వేరే అచ్చులున్నాయి. మన మార్కెట్లో స్టెయిన్‌లెస్ ఫిట్టింగులు ఎం, వీ రెండు రకాల్లోనూ దొరుకుతాయి. వీ ఫిట్టింగును ఎం దవడతో నొక్కితే చూడ్డానికి నొక్కినట్టే ఉంటుంది. నొక్కాల్సిన రెండు చోట్లలో ఒకటి వట్టిగా మిగిలిపోతుంది. నీళ్లు పోసి చూసిన రోజు కారకపోవచ్చు. పంపు ఆగినప్పుడల్లా వచ్చే నీటి దెబ్బకు నెలల తరబడి కొంచెం కొంచెంగా జరిగి, టైల్స్ వేసి రంగులు కొట్టాక ఊడుతుంది.

సైజు విషయంలో ఇంతకన్నా పెద్ద ఉచ్చు ఒకటుంది. మన దగ్గర అందరూ "అరంగుళం పైపు" అంటారు. జీఐలో అరంగుళం అంటే బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు. అమెరికన్ కొలత రాగి పైపులో అరంగుళం అంటే 15.9. ఐరోపా కొలతల రాగికీ, మన దగ్గర దొరికే ప్రెస్ స్టెయిన్‌లెస్ పైపుల్లో చాలావాటికీ అదే స్థానంలో 15 మిల్లీమీటర్లు. ఒకే పేరు, మూడు వేర్వేరు లావులు. ఓ-రింగు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ నలుగుడు మీద బతికే చోట ఆ 0.9 తేడా చాలా పెద్దది. దవడ మీద అంగుళాల్లో చెక్కి ఉందా, మిల్లీమీటర్లలో ఉందా, దాని పక్కన ప్రొఫైల్ అక్షరం ఏముంది అన్నది చూడకుండా డబ్బు చెల్లించకూడదు. ఆన్‌లైన్లో అమెరికన్ సెట్టు తక్కువకు వచ్చిందని తెప్పించి, మిల్లీమీటర్ల దవడలు మళ్లీ విడిగా కొంటే మిగిలిన డబ్బంతా పోతుంది.

ఫిట్టింగూ ప్రొఫైలూ తేలాక, సైటులో అన్నిటికన్నా లావు పైపు ఏది అన్నది రెండో ప్రశ్న. ఇక్కడే టన్నుల మాట వస్తుంది. స్థూలంగా మెషిన్లు రెండు తరగతులు. రెండు, రెండున్నర కిలోల బరువుండే చిన్నవి 19 నుంచి 24 కిలోన్యూటన్ల బలంతో 28 లేదా 35 మిల్లీమీటర్ల దాకా నొక్కుతాయి. నాలుగు కిలోల చుట్టూ ఉండే 32 కిలోన్యూటన్ల మామూలు మెషిన్లు దవడలతో 54 దాకా వెళ్తాయి. 76.1, 88.9, 108 మిల్లీమీటర్ల పైపులకు దవడ బదులు పైపు చుట్టూ వేసే గొలుసుకట్టు రింగులుంటాయి. ముందుగా రింగును ఫిట్టింగుకు తగిలించి, దాని రెండు కొసలనూ మెషిన్‌కు బిగించిన అడాప్టర్ దవడతో దగ్గరికి లాగుతారు. పైపు పెద్దదైతే నొక్కాల్సిన చుట్టుకొలత పెరుగుతుంది, గోడ మందం పెరుగుతుంది, అందుకే బలం కావాలి. ఒక మామూలు అపార్ట్‌మెంటు బ్లాకులో ఫ్లాట్ల లోపల పనంతా 28 లోపే. నిలువు షాఫ్టులో దిగే లైన్లు మాత్రమే లావు. చిన్న మెషిన్ సొంతానికి కొనుక్కుని, షాఫ్టు పని జరిగే వారం పెద్దది అద్దెకు తెచ్చుకోవడం చాలామందికి సరైన లెక్క అని నా అభిప్రాయం. కొందరు ఫిట్టింగు డీలర్లు సరుకు కొన్నవారికి పని అయ్యేదాకా మెషిన్ ఇస్తారు కూడా.

అయితే చిన్న మెషిన్ కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 32 కిలోన్యూటన్ల తరగతిలో ఒక కంపెనీ మెషిన్‌కు మరో కంపెనీ దవడ చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే పిన్ను, తోక కొలతలు దాదాపు ఒక ఒరవడికి వచ్చేశాయి. చిన్న మెషిన్లలో ఆ సౌలభ్యం తక్కువ. అయినా సరిపోవడం వేరు, ఫిట్టింగు కంపెనీ ఒప్పుకోవడం వేరు. ఏ మెషిన్, ఏ దవడ వాడితే తమ గ్యారంటీ చెల్లుతుందో ఫిట్టింగు కంపెనీలు పట్టిక ఇస్తాయి. ఆ కాగితం తెప్పించుకుని చదవడం కొనుగోలులో భాగమే.

బరువు తర్వాత చోటు. షాఫ్టులో గోడకూ పైపుకూ మధ్య చేయి దూరడమే కష్టమైన చోట దవడ తెరుచుకోవాలంటే వెనక కొంత ఖాళీ ఉండాలి. రెండు ఫిట్టింగుల మధ్య కూడా కనీస దూరం ఉండాలి. ప్రతి సైజుకూ ఇదెంతో కంపెనీ పుస్తకంలో పట్టిక ఉంటుంది. పైపుల డ్రాయింగు గీసేటప్పుడే ఈ పట్టిక దగ్గర పెట్టుకోని ఇంజినీరు వల్ల, సైటులో అన్నీ క్లాంపులు బిగించాక మెషిన్ పట్టక మళ్లీ విప్పాల్సి వస్తుంది. తల తిరిగే మెషిన్ ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది. పిస్తోలు ఆకారంలో ఉన్నది తల పైన పనికి సుఖం, నిటారుగా గొట్టంలా ఉన్నది ఇరుకులో సుఖం. కొనేముందు చేత్తో పట్టుకుని, చేయి పైకెత్తి ఒక నిమిషం నిలబడి చూడాల్సిందే. ఇంకో మాట, మీ దగ్గర ఇప్పటికే ఉన్న డ్రిల్లు, గ్రైండరు బ్యాటరీలు దానికి పడతాయా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సైటులో అదే రోజు గడిపిస్తుంది. మే నెలలో ఎండలో వదిలేసిన లిథియం బ్యాటరీని చార్జర్ తీసుకోదు. కణాలు వేడెక్కి ఉంటే చార్జింగ్ ఆపేసేలా దాన్ని తయారుచేస్తారు. నీడలో చల్లారనివ్వడం తప్ప చేసేదేమీ లేదు.

ఇప్పటి మెషిన్లలో కొన్నిటికి నొక్కుడు పూర్తవగానే పచ్చ లైటు వెలుగుతుంది. కొన్ని ప్రతి నొక్కుడునూ లెక్కపెట్టి ఫోనుకు పంపుతాయి. ఇవి మంచి ఏర్పాట్లే. అయితే సైటులో ఇలాంటి సంభాషణ ఊహించుకోండి. కుర్రాడు షాఫ్టులోంచి కేకేస్తాడు: "అన్నా, పచ్చ లైటొచ్చింది!" మేస్త్రీ కిందినుంచే అడుగుతాడు: "లైటు సరే తమ్మీ, గీత ఏడుంది?" ఆ మేస్త్రీకి విషయం తెలుసు. దవడ పూర్తిగా మూసుకుందని, నూనె పీడనం హద్దు చేరిందని మాత్రమే మెషిన్‌కు తెలుస్తుంది. పైపు ఫిట్టింగు లోపలికి చివరిదాకా వెళ్లిందో, సగంలో ఆగిందో దానికి తెలిసే దారి లేదు. సగం దూరిన పైపు మీద కూడా పచ్చ లైటే వస్తుంది. అందుకే పైపు ఎంత లోపలికి వెళ్లాలో ముందే కొలిచి మార్కరుతో గీత గీస్తారు. 15 మిల్లీమీటర్ల పైపుకు రెండు సెంటీమీటర్ల చుట్టూ, 54కు నాలుగు సెంటీమీటర్ల చుట్టూ. నొక్కేముందూ, నొక్కాకా ఆ గీత ఫిట్టింగు అంచు దగ్గరే కనిపించాలి. లక్షలు పోసి కొన్న మెషిన్ చెప్పలేని సంగతిని పది రూపాయల మార్కరు చెబుతుంది.

పైపు కోసే తీరు కూడా అంతే ముఖ్యం. మన సైట్లలో చేతికందేది గ్రైండరు. స్టెయిన్‌లెస్ పైపును కటింగ్ వీల్‌తో కోస్తే అంచు వేడెక్కి నీలం, గోధుమ రంగులకు తిరుగుతుంది. ఆ రంగు మారిన చోట తుప్పును ఆపే క్రోమియం పొర దెబ్బతింటుంది. ప్రెస్ ఫిట్టింగు కంపెనీలు గ్రైండరును అందుకే వద్దంటాయి. స్టెయిన్‌లెస్‌కు తగిన చక్రం ఉన్న పైపు కట్టర్ వాడాలి. కోశాక అంచుకు లోపలా బయటా మిగిలే సన్నని లోహపు పొరను డీబర్రింగ్ టూల్‌తో తీసేయాలి. దాన్ని వేలితో తడిమి చూస్తే గీసుకుంటుంది. వేలిని గీసేది ఓ-రింగునూ గీస్తుంది, ఆ గీత వెంట నీరు దారి చేసుకుంటుంది. పైపు మీద కంపెనీ అంటించిన స్టిక్కరు రింగు కిందికి వెళ్లినా అదే గతి. పైపు బిగుతుగా ఉందని గ్రీజు రాయడం మరో అలవాటు. నీళ్ల లైన్ల నల్ల ఓ-రింగు ఈపీడీఎం రబ్బరు, దానికి మినరల్ ఆయిల్ పడదు. తాగి ఉబ్బి మెత్తబడుతుంది. అవసరమైతే నీళ్లో సబ్బు నీళ్లో రాస్తే చాలు.

రబ్బరు మాట వచ్చింది కాబట్టి, గ్యాసు లైన్లకు ఈ నల్ల రింగు పనికిరాదు. వాటికి నైట్రైల్ జాతి రబ్బరుతో, పసుపు గుర్తుతో వేరే ఫిట్టింగులొస్తాయి. సోలార్ వాటర్ హీటరు వేడి ఎక్కువగా తగిలే చోట ఎఫ్‌కేఎం అనే రబ్బరు రింగులు వాడతారు. బయటి లోహం ఒకేలా మెరుస్తుంది కాబట్టి గుర్తు చూడకుండా గోడౌనులో కలిపేస్తే ప్రమాదం.

జాయింటు నొక్కడం మరిచిపోతే? వందలాది జాయింట్లున్న చోట ఒకటి తప్పిపోవడం సహజం. తొలినాళ్ల ఫిట్టింగుల్లో ఇదే భయం. నొక్కని జాయింటు కూడా ఓ-రింగు బిగువుతో పరీక్ష రోజున నీటిని ఆపేది, ఆరు నెలలకు ఊడిపోయేది. ఇప్పుడు మంచి ఫిట్టింగుల్లో నొక్కకపోతే కావాలనే కారేలా చిన్న దారి వదులుతారు, నొక్కితే ఆ దారి మూసుకుపోతుంది. వీగా తన ఫిట్టింగుల్లో ఈ లీకు నీటితో 1 నుంచి 6.5 బార్ల మధ్య కనిపిస్తుందని చెబుతుంది. ఇక్కడే మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. పరీక్ష అనగానే పంపు తగిలించి ఒకేసారి పెద్ద పీడనం ఎక్కించేస్తాం. ఆ జోరులో నీరే రబ్బరును దారికి అడ్డంగా అదిమి లీకును దాచేయవచ్చు. ముందు తక్కువ పీడనం దగ్గర ఆగి, లైను పొడవునా నడిచి, ప్రతి జాయింటునూ తాకి చూసి, ఆ తర్వాతే పూర్తి పరీక్ష పీడనానికి వెళ్లాలి. గాలితో పరీక్షించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీరు దాదాపు నలగదు కాబట్టి జాయింటు ఊడితే పీడనం వెంటనే పడిపోతుంది. నొక్కిపెట్టిన గాలిలో బోలెడు శక్తి నిల్వ ఉంటుంది, ఊడిన ఎండ్ క్యాపు తుపాకీ గుండులా దూసుకొస్తుంది.

ఇంత జాగ్రత్తా ఎందుకు, టంకం వేసుకుంటే పోలేదా అని అడిగేవారికి జవాబు నిప్పు. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో పైనున్న రోడ్డు మీద జరుగుతున్న వెల్డింగు నిప్పురవ్వలు కింద సీలింగులోని ఇన్సులేషన్‌ను అంటించాయి. 17 మంది చనిపోయారు. అది ప్లంబింగ్ పని కాదు, కానీ మనుషులు తిరిగే భవనంలో మంటతో పని ఎంత ప్రమాదమో ఆ దేశానికి తెలిసొచ్చింది. రోగులున్న ఆసుపత్రి వార్డు పైన, ఆక్సిజన్ లైను పక్కన, దీపం వెలిగించి టంకాన్ని కరిగించడం కన్నా ఐదు సెకన్ల నొక్కుడు ఎంత మేలో చెప్పక్కర్లేదు. పైగా పైపులో చుక్క నీరున్నా టంకం పట్టదు, నీరు ఆవిరై వేడిని లాగేస్తుంది. ప్రెస్ జాయింటుకు ఆ బాధ లేదు. వాల్వు పూర్తిగా కట్టుకోక సన్నగా ధార వస్తున్న పాత లైనును కూడా కోసి, తడి మీదే నొక్కేయొచ్చు. నడుస్తున్న ఆసుపత్రిలో నీళ్లు ఆపే సమయం గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది. నా దృష్టిలో ఈ మెషిన్ ఖరీదును నిజంగా సమర్థించేది ఈ మరమ్మతు పనే. కొత్త నిర్మాణంలో మన కూలి రేట్ల దగ్గర ఆదా అయ్యే సమయం ఫిట్టింగు అధిక ధరను ప్రతిసారీ పూడ్చదు. సొంతిల్లు కట్టుకుంటున్నవారికి సీపీవీసీ చక్కగా సరిపోతుంది, వారికి ఈ యంత్రంతో అవసరమే లేదు.

స్టెయిన్‌లెస్ వేయాలని తేల్చుకున్నవారు నీటిని పరీక్ష చేయించడం మరవకూడదు. బోరు నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే జాయింటు లోపలి సన్నని సందుల్లో తుప్పు మొదలవుతుంది. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరైడ్‌కు లీటరుకు 250 మిల్లీగ్రాములు మేలైన హద్దుగా పెట్టి, వేరే నీరు లేనప్పుడు 1,000 దాకా అనుమతిస్తుంది. చల్లని నీటికి 304 రకం స్టీలును 200 లోపు వాడటం ఇంజినీర్లలో ఉన్న వాడుక, ఆపైన 316 రకమే. తాగడానికి పనికొచ్చిన నీరు కూడా 304 పైపుకు పడకపోవచ్చన్నమాట. కోస్తాలో ఉప్పు తగిలే బోర్ల దగ్గర ఇది మెషిన్ ఎంపిక కన్నా ముందు తేలాల్సిన విషయం.

ఇక సర్వీసు. 30, 40 వేల నొక్కుడులకో, ఏడాదికో ఒకసారి మెషిన్‌ను విప్పి సీళ్లు మార్చి, బలం సరిగా వస్తోందో కొలవాలని చాలా కంపెనీలు చెబుతాయి. కొన్ని పాత మోడళ్లు గడువు దాటితే తాళం వేసుకుని ఆగిపోతాయి కూడా. కాబట్టి సర్వీసు సెంటరు హైదరాబాద్‌లో ఉందా, విజయవాడలో ఉందా, మెషిన్‌ను ముంబై పంపాలా, పంపిన రోజుల్లో బదులు మెషిన్ ఇస్తారా అని అడిగి రాయించుకోవాలి. మెషిన్ కన్నా ముందు అలిసేది దవడ. వేలసార్లు వంగి లేచే ఉక్కులో ఎక్కడో మూల కంటికి కనిపించని చీలిక పుడుతుంది, ప్రతి నొక్కుడుకూ వెంట్రుకంత పాకుతుంది, ఒకరోజు మూడు టన్నుల బలం కింద దవడ విరిగి ముక్క ఎగురుతుంది. అందుకే వేళ్లు దవడకు దూరంగా పెట్టమంటారు, కళ్లద్దాలు పెట్టుకోమంటారు. వారానికోసారి దవడను కిరోసిన్‌తో కడిగి, అచ్చు గాడిలో ఇరుక్కున్న సిమెంటు, రాగి పొడి తీసి, వెలుతురులో తిప్పి చూడాలి. చీలిక కనిపించినదాన్ని వెల్డింగు చేయించి వాడటం నేరంతో సమానం. గట్టిపరిచిన ఉక్కు ఆ వేడికి మెత్తబడుతుంది, మళ్లీ విరగడం ఇంకా దగ్గరపడుతుంది. పాత మెషిన్ చౌకగా కొనేవారు మెషిన్‌ను పరిశీలించినంతసేపు దవడలను పరిశీలించరు. నిజానికి సెకండ్‌హ్యాండ్ దవడలు అసలు కొనకపోవడమే మంచిది.

మన నగరాల సైట్లలో ప్లంబర్లలో చాలామంది ఒడిశాలోని కేంద్రపడా జిల్లా నుంచి వచ్చినవారు. అక్కడి పట్టాముండాయిలో ప్లంబింగ్‌కే ప్రత్యేకంగా ప్రభుత్వ సంస్థ ఉంది. మరలు, టంకం, సిమెంటు తరతరాలుగా చేతికి వచ్చిన ఇలాంటి పనివాళ్లకు ప్రెస్ నేర్పడానికి ఒక రోజు చాలు. ఆ రోజు ఉపన్యాసం కన్నా ఒక రంపం ఎక్కువ ఉపయోగపడుతుంది. మెషిన్ కొనడానికి దుకాణానికి వెళ్లేటప్పుడు కూడా మీ సైటులో వాడబోయే ఫిట్టింగులు రెండు, అరమీటరు పైపు సంచిలో వేసుకెళ్లండి. ఒకటి గీత దాకా దూర్చి, మరొకటి కావాలనే సగమే దూర్చి, మీరు కొనబోయే దవడతోనే అక్కడే నొక్కించండి. రెండింటినీ బెంచి వైసులో బిగించి నిలువునా కోయించండి. మొదటి దానిలో పైపు కొస లోపలి ఆనుకు తగిలి ఉండాలి, ఓ-రింగు చుట్టూ ఒకే మందంలో నలిగి ఉండాలి, వీ ప్రొఫైల్ అయితే ఉబ్బుకు రెండు పక్కలా పైపు గోడ లోపలికి సమానంగా దిగి ఉండాలి. రెండోదానిలో పైపు ఎక్కడ ఆగిందో, రింగు దేన్ని పట్టుకుని ఉందో చూడండి. ఆ రెండు ముక్కలనూ సైటుకు తెచ్చి, మెషిన్ ముట్టుకోబోయే ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి.